ఎండిన చెట్టు - గొలుసు రంపము

పల్నాటి పల్లెలలో చెట్టు లేని వాకిలి అరుదు. నరసరావుపేట నుండి గురజాల మీదుగా మాచర్ల వరకు పోవు బాటసారికి వేప, చింత, తుమ్మ, రావి, తాడి అడుగడుగునను కనబడును. ఎండ తీవ్రతకు ఆంధ్రదేశమంతట పేరుపడిన రెంటచింతల ఈ సీమలోనిదే. అట్టి చోట వాకిట నిలిచిన చెట్టు ఇంటికొక పెద్ద దిక్కు వంటిది. ఆ చెట్టు ఎండిపోయినప్పుడు ఇంటివారికి రెండు దిగుళ్లు పట్టుకొనును. నీడ పోయినదే అనునది మొదటిది. ఆ మోడు ఏనాడు ఎవరి నెత్తిన పడునో అనునది రెండవది. మొదటి దిగులునకు మందు మరియొక మొక్కను నాటుట. రెండవ దిగులును గూర్చియే మేము నేడు ముచ్చటింపదలచినాము.

పూర్వము ఇట్టి చెట్టును కూల్చుటకు ఇద్దరు ముగ్గురు మనుష్యులు గొడ్డళ్లతోను, జంట రంపముతోను పూటంతయు శ్రమించెడివారు. నేడు పెట్రోలుతో నడచు గొలుసు రంపము వచ్చినది. దీనినే మన ఊళ్లలో కోత మిషను అనియు, రంపపు మిషను అనియు పిలుచుచున్నారు. పూట పని పావుగంటలో ముగియుచున్నది. ఇది మేలే. కాని చెట్టు బరువు తగ్గలేదు; అది పడు వేగమును తగ్గలేదు. తగ్గినది మనుష్యుడు ఆలోచించుకొను వ్యవధి మాత్రమే. కనుక ఆ ఆలోచనను ఇంజను మ్రోగుటకు ముందే ముగించవలెను. మా ప్రసంగమున ముఖ్యమైన మాట ఇదియే.

ఈ ప్రసంగము వినువారిలో రంపము చేతబట్టువారు కొలదిమందియే ఉందురు. తక్కిన వారందరును కూలి మాట్లాడి పని చేయించుకొను గృహస్థులు. అయినను ఈ విషయములు తెలియవలసినది వారికే యని మా అభిప్రాయము. ఏలయన, "ఇంతకు చేసెదవా?" యని బేరము పెట్టువారు వారు. "ప్రొద్దు గుంకక ముందే కానిమ్ము" అని తొందరించువారును వారే. ఆ బేరములో, ఆ తొందరలో ఒక కుటుంబము యొక్క అన్నము ఇమిడియున్నది.

గొలుసు రంపము చరిత్ర చాల పాతది కాదు. 1920 దశకములో జర్మనీ దేశమున మొదట విద్యుత్తుతోను, పిదప పెట్రోలుతోను నడచు రంపములు వెలువడినవి. ఆనాటి గొలుసులకు చేతి రంపపు పండ్ల వంటి పండ్లే ఉండెడివి. అవి తరచు మొండివారెడివి. 1946లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున జోసెఫ్ కాక్స్ అను కలపకోత పనివాడు ఒక మొద్దులో పురుగును చూచినాడు. ఆ పురుగు తన రెండు దవడలతో కుడికొకసారి ఎడమకొకసారి కొరుకుచు ఎంతటి చేవనైనను తొలిచివేయుచుండెను. ఆ దవడల తీరుననే ఆయన కొత్త గొలుసును కల్పించెను. నేడు లోకమంతట వాడబడు గొలుసులు ఆ జాతివే. గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగముతో పరుగెత్తును. అంత వేగముగా తిరుగు పండ్లకు మ్రాను ఏదో, మనుష్యుని తొడ ఏదో తెలియదు.

ఇక మొదటి ప్రశ్న: చెట్టు నిజముగా చచ్చినదా? ఇది నవ్వులాట ప్రశ్న కాదు. 2021 ప్రాంతమున తెలుగునాట పలుచోట్ల వేపచెట్లు కొమ్మల కొసల నుండి మాడిపోయి, కాల్చినట్లు నిలిచినవి. ఫోమాప్సిస్ అను శిలీంధ్రము వలన ఎండు తెగులు సోకినదనియు, తేయాకు దోమ యను రసము పీల్చు పురుగు దానికి తోడైనదనియు శాస్త్రజ్ఞులు తేల్చినారు. చచ్చినవనుకొన్న ఆ చెట్లలో చాల వరకు తరువాత మరల చిగిర్చినవి. తొందరపడి గొడ్డలి వేసినవారు బ్రదికియున్న చెట్టును పోగొట్టుకొన్నారు. కావున గోటితోనో, చాకుమొనతోనో బెరడును కొంచెము గీచి చూడవలెను. లోపల పచ్చగా, తడిగా ఉన్నచో ప్రాణమున్నట్లే. కొమ్మలో లేకపోయినచో మానున చూడవలెను. అనుమానమున్నచో, మీద పడు భయము లేని చోట, ఒక వానకాలము ఆగుట ఉత్తమము. 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షముగా ప్రకటింపబడిన వేపకు ఆపాటి గడువు ఇచ్చుట న్యాయము.

చెట్టు చచ్చినదని తేలిన పిమ్మట అనుమతి మాట. 1921-22 సంవత్సరములలో అడవిలో పశువులు మేపుటకు పుల్లరి కట్టబోమని కన్నెగంటి హనుమంతు వెంట నిలిచిన సీమ ఇది. అడవి చట్టమనగానే ఈ ప్రాంతపు పెద్దలకు ఆ కథ గుర్తుకు వచ్చును. కాని అది పరుల పాలనలోని చట్టము. 2002లో మన శాసనసభయే నీరు, భూమి, చెట్ల రక్షణకు ఒక చట్టము చేసినది. దాని ప్రకారము మన పెరటి చెట్టునైనను అనుమతి లేనిదే కొట్టరాదు. కొన్ని జాతులకు మాత్రము మినహాయింపు కలదు. అటవీశాఖ కార్యాలయమున విచారించి, అనుమతి కాగితము పుచ్చుకొని, పిదపనే కూలీలను పిలువవలెను. చెట్టు బాట ప్రక్కనో, కాలువ గట్టుననో ఉన్నచో అది మన సొత్తే కాదని గుర్తుంచుకొనవలెను.

ఇప్పుడు అసలు విషయము. ఎండిన చెట్టు పచ్చి చెట్టు కంటె ప్రమాదకరము. చాలమంది దీనికి విరుద్ధముగా తలంతురు; తేలికయైనది, నీరులేనిది, సుళువుగా పడునందురు. పచ్చి మానులో నారకు సాగుదల ఉండును. రంపముతో కోయునప్పుడు నడుమ కొంత చెక్కను విడిచిపెట్టుదురు. తలుపునకు మడతబందు ఎట్టిదో, చెట్టునకు ఆ చెక్క అట్టిది. అది మెల్లగా వంగుచు చెట్టును తలచిన దిక్కునకు దించును. ఎండిన చెక్క వంగదు, పుటుక్కున విరుగును. అప్పుడు చెట్టు తలచిన దిక్కుననే పడునను నమ్మకము లేదు. అంతేకాదు. ఇంజను అదురునకు పైనున్న ఎండుకొమ్మలు ముందుగా రాలిపడును. అడుగున కోయువాని కన్నులు కోతమీద ఉండును. మృత్యువు తలమీద ఉండును. వేళ్లు కుళ్లిన చెట్టు గాటు పడకమునుపే ఒరగవచ్చును. చెదలు తిన్న మాను నడిమికి విరుగవచ్చును.

అందుచేత ముందు దూరము నుండి చెట్టు చుట్టును ఒక ప్రదక్షిణము చేయవలెను. ఎటు ఒరిగియున్నది? ఏ ప్రక్క కొమ్మల బరువు ఎక్కువ? విరిగి తగులుకొని వ్రేలాడు కొమ్మ ఏదైన కలదా? పిమ్మట మొదలు చూడవలెను. పుట్టగొడుగులు మొలచినచో లోపల కుళ్లినదని గురుతు. గొడ్డలి వెనుక ప్రక్కతో మానును తట్టి చూచినచో, గట్టి చోట గట్టిగా, బోలు చోట డోలు వలె పలుకును. తొర్రయందు పామో, తేనెపట్టో, కందిరీగలో ఉండవచ్చును. రంపము నడుచుచుండగా ఈగలు లేచినచో కోయువాడు ఎటు పరుగెత్తగలడు? పశువులను కట్టుటకు కొట్టిన ఇనుప కొక్కెములు, ప్రకటన బల్లలకు కొట్టిన మేకులు మానులోనికి దిగి బెరడుతో కప్పబడియుండును. వాటికి తగిలినచో గొలుసు తెగును. తెగిన ముక్క తుపాకి గుండు వలె ఎగురును.

విద్యుత్ తీగెలు దగ్గరనున్నచో ఆ పని మనది కాదు. 1912 అను సంఖ్యకు ఫోను చేసి, విద్యుత్ సంస్థ వారు వచ్చి సరఫరా ఆపిన పిదపనే చెట్టును ముట్టవలెను. "తీగెకు తగలకుండ పడవేసెదము" అను ధైర్యమును నమ్మరాదు.

చెట్టు ఎత్తును తెలిసికొనుటకు ఒక సులభోపాయము కలదు. మీ కన్ను నుండి చాచిన చేతి పిడికిలి వరకు ఎంత దూరమో, పిడికిలి పైన అంతే పొడవు ఉండునట్లు ఒక పుల్లను నిలువుగా పట్టుకొనుడు. సమనేల మీద వెనుకకు నడచుచు, పిడికిలి చెట్టు మొదలునకును, పుల్ల కొస చెట్టు కొసకును సరిపోయిన చోట ఆగుడు. అక్కడి నుండి చెట్టు వరకు ఎంత దూరమో, చెట్టు సుమారుగా అంత ఎత్తు. ఆ ఎత్తునకు రెండింతల దూరము చుట్టును, కోయువాడును అతని తోడును తప్ప మరొక ప్రాణి ఉండరాదు. చెట్టు కూల్చుట పల్లెలో ఒక వేడుక. పిల్లలు మూగుదురు, కట్టెపుల్లలకై ముసలివారు కాచుకొని యుందురు. వారిని దూరముగా నిలుపు బాధ్యత ఇంటి యజమానిది. బాటకు రెండు వైపులను మనుష్యులను నిలిపి రాకపోకలు ఆపవలెను.

పిదప, తప్పుకొను బాట. చెట్టు పడు దిక్కునకు నేరుగా వెనుక నిలువరాదు. మాను మొదలు ఒక్కొక్కప్పుడు వెనుకకు తన్నును. వెనుకకు ఐమూలగా, కుడికొకటి ఎడమకొకటి, రెండు బాటలు ముందే చదును చేసికొనవలెను. పల్నాటి నేలలో రాళ్లు మెండు. పరుగెత్తువాని కాలికి ఒక్క రాయి చాలును. రాళ్లు, ముండ్లకంప తీసివేసి, ఒకసారి ఆ బాటన నడచి చూచుకొనవలెను.

దుస్తులను గూర్చి ఒక మాట. లుంగీ, పంచె, మెడలో తువ్వాలు, వట్టి కాళ్లు, ఇవేవియు ఈ పనికి తగవు. తువ్వాలు కొస గొలుసునకు చిక్కినచో మెడ దానివెంట పోవును. తలకు గట్టి టోపి, ముఖమునకు జాలి తెర, చెవులకు మూతలు, కాలికి బలమైన బూట్లు ఉండవలెను. తొడలకు కట్టు ప్రత్యేకపు తొడుగులు దొరకును. వాటిలోని పొడవైన నారపోగులు గొలుసునకు చుట్టుకొని క్షణములో దానిని ఆపివేయును. కూలివాడు వీటిని కొనలేనిచో, ఊరి పెద్దలో, సహకార సంఘము వారో ఒక జత కొని ఊరుమ్మడిగా ఉంచుట మంచిది. రంపము ఖరీదుతో పోల్చినచో ఇది కొంచెమే.

రంపమును నేలపై ఉంచి, వెనుక పిడిని కాలితో త్రొక్కిపట్టి, బ్రేకు వేసి, అప్పుడు త్రాడు లాగి మొదలుపెట్టవలెను. గాలిలో వ్రేలాడదీసి లాగుట చూచువారికి వినోదము, చేయువారికి చేటు. ఇంజను చల్లారకుండ పెట్రోలు పోయరాదు. పోసిన చోటనే మొదలుపెట్టరాదు. పది అడుగుల దూరము జరుగవలెను. వేసవిలో ఎండుగడ్డి మీద ఒలికిన పెట్రోలునకు ఒక్క నిప్పురవ్వ చాలును. బీడీ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

గొలుసు తిరుగు ఇనుప పట్టె కొన పైభాగము దేనికైనను తగిలినచో, రంపము రెప్పపాటులో పైకిని వెనుకకును ఎగిరి కోయువాని ముఖము మీదికి వచ్చును. దీనిని ఎదురుతన్ను అనవచ్చును. తీవ్రమైన గాయములలో చాల వాటికి ఇదియే మూలము. 1970 దశకము నుండి దీనిని ఆపుటకు గొలుసు బ్రేకులు వచ్చినవి. కాని అవి చెడియున్నను గమనింపక వాడువారు కలరు. ఎడమ బొటనవ్రేలు ముందు పిడి చుట్టును బిగియవలెను. కోయువాడు పట్టె దారికి రవ్వంత ఎడమగా నిలువవలెను. భుజమునకు పైన రంపము ఎత్తరాదు. నిచ్చెన ఎక్కి కోయరాదు.

ఇక కోత. ఎండిన చెట్టును అది ఒరిగిన దిక్కునకే పడనిచ్చుట క్షేమము. దాని ఇచ్చకు విరుద్ధముగా త్రిప్పబోవుట సాహసము. పడు దిక్కున ముందు ఒక గాటు పెట్టవలెను. దాని లోతు మాను మందములో అయిదవ వంతు నుండి నాలుగవ వంతు వరకు చాలును. మాను 60 సెంటీమీటర్ల మందమైనచో గాటు 12 నుండి 15 సెంటీమీటర్లు. నోరు వెడల్పుగా తెరచుకొన్న గాటు మేలు. తరువాత ఎదుటి ప్రక్క నుండి, గాటు మూలకు సమముగనో, కొంచెము ఎత్తుగనో వెనుక కోత కోయవలెను. నడుమ మందములో పదియవ వంతు, అనగా ఈ మానునకు 6 సెంటీమీటర్లు, కోయక విడువవలెను. ఇదియే మడతబందు. దీనిని పూర్తిగా కోసివేసినచో చెట్టునకు దారి చూపువారెవరును లేరు. వెనుక కోతలో చెక్కమేకో, ప్లాస్టిక్ మేకో దూర్చినచో పట్టె చిక్కుకొనదు. కాని ఎండిన చెట్టున ఆ మేకును సమ్మెటతో బాదరాదు. ఆ దెబ్బలకు పైకొమ్మలు రాలును. మిక్కిలి ఒరిగిన మాను కోయుచుండగనే నిలువునా చీలి పైకి ఎగయగలదు. అట్టిదానిని ఆరితేరినవారికే విడువవలెను.

గొడ్డలి నాటి మనుష్యునకు ఒక మేలుండెడిది. దెబ్బకు దెబ్బకు నడుమ నిశ్శబ్దము ఉండెడిది. ఆ నిశ్శబ్దములో చెట్టు చిటపటలాడుట వినబడెడిది. వినగానే అతడు తప్పుకొనెడివాడు. ఇంజను హోరులో, చెవులకు మూతలున్న వానికి ఆ హెచ్చరిక అందదు. కావున కోయువాడు ఒంటరిగా ఉండరాదు. సురక్షితమైన దూరమున ఒక తోడు నిలిచి, చూపు కొమ్మల మీదనే ఉంచవలెను. ఏదైన కదలినచో తెలుపుటకు సంకేతమును ముందే అనుకొనవలెను. పిలిచినచో వినబడదు గనుక, కోయువాని నడుమునకు తగులునట్లు ఒక పొడవాటి వాసము పట్టుకొని తట్టుట ఒక మార్గము. తట్టగానే "ఎందుకు?" అని అడుగకుండ రంపము వదలి బాటపట్టవలెను. చెట్టు కదలుట మొదలైనప్పుడును అంతే: చూపు పైన నుంచి, ఐమూల బాటన తప్పుకొనవలెను. పడిన వెంటనే దగ్గరకు పోరాదు. ప్రక్క చెట్లలో తగులుకొన్న కొమ్మలు తీరికగా రాలును.

పడుచున్న చెట్టు మరొక చెట్టు మీద ఆనుకొన్నచో దాని క్రిందికి ఎవరును పోరాదు. ఆనించుకొన్న చెట్టును కోయుట ఆత్మహత్యతో సమానము. చెట్టు ఎత్తు కంటె చాల పొడవైన మోకు కట్టి, దూరము నుండి ట్రాక్టరుతో లాగవలెను. ఆ మోకు తెగినచో కొట్టు దెబ్బ కత్తి దెబ్బ వంటిది. దాని దరిదాపుల ఎవరును నిలువరాదు.

ఎంత జాగ్రత్తపడినను గాయము కావచ్చును. శుభ్రమైన గుడ్డను మడచి గాయము మీద గట్టిగా అదిమిపట్టి, విడువక అట్లే ఉంచి, 108కి ఫోను చేయవలెను. పసుపు, కాఫీపొడి, సున్నము అద్దుచు కాలము పోగొట్టరాదు. పని మొదలుపెట్టక ముందే ఫోను అందు చోటేదో, వాహనము రాగల దారి ఏదో చూచుకొనవలెను.

ఇన్ని చూచిన పిమ్మట, "ఈ చెట్టు నావల్ల కాదు" అని కోతగాడు చెప్పవచ్చును. తొర్రపడిన మాను, ఇంటి కప్పు మీదికి వ్రాలినది, వేళ్లు కదలినది అయినచో, క్రేను తెప్పించి పై నుండి ముక్కలు ముక్కలుగా దింపించవలెను. లేదా అనుభవజ్ఞులను పిలువవలెను. కాదన్న కోతగానిని పిరికివాడనరాదు. కార్యమపూడి కదనమున బాలచంద్రుని తెగువ పల్నాటికి కీర్తి తెచ్చినది. ఎండిన చెట్టు క్రింద ఆ తెగువ ఎవరికిని కీర్తి తేదు. అతడు కాదన్న పనిని మరి నూరు రూపాయలు తగ్గించి చేయుదునను మరొకనికి ఇచ్చుట మాత్రము యజమాని చేయరాని పని.

అన్ని మోళ్లను కూల్చనక్కరయు లేదు. ఇంటికి, బాటకు, తీగెలకు దూరముగా, పొలము నడుమ నిలిచిన మోడు ఎవరికిని కీడు చేయదు. దాని తొర్రలలో రామచిలుకలు పిల్లలను పెట్టును. గుడ్లగూబ కాపురముండి, రాత్రివేళ పొలములోని ఎలుకలను పట్టును. అట్టిదానిని దానంతట అది ఒరుగువరకు విడిచి, క్రింద ఎవరును మంచము వేయకుండ చూచిన చాలును.

కూల్చక తప్పని చెట్టు మీ వాకిట ఉన్నచో, కూలి మాట్లాడునప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడుగుడు: ఇది ఎటు పడును? నీవు ఎటు తప్పుకొందువు? నీకు తోడెవరు? నీ రంపపు బ్రేకు పనిచేయుచున్నదా? నాలుగింటికి సమాధానము వచ్చిన తరువాతనే ఎంతకు చేసెదవని అడుగుడు. గాలి వీచు దినమున, మసక చీకటి వేళ పని పెట్టకుడు. పని ముగిసిన పిమ్మట, మొదటి వాన పడగనే, ఆ గుంట ప్రక్కన ఒక వేపమొక్కను నాటుడు.